చేవెళ్ల మర్రిని కొలిచే ముందు లేజర్‌ని కొలవాలి

మాది షాబాద్. సిటీకి పోవాలంటే చేవెళ్ల వచ్చి బీజాపూర్ రోడ్డు ఎక్కుతాం. అక్కడి నుంచి మొయినాబాద్ దాకా రెండు పక్కలా మర్రిచెట్లే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లలో దాదాపు 900 ఉన్నట్టు లెక్క తేలింది. రోడ్డు వెడల్పు పనితో వీటి సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, మీకు తెలిసే ఉంటుంది. కొట్టేయాలా, తీసి వేరేచోట నాటాలా అని చాలా వాదన నడిచింది. నా ప్రశ్న ఇంకోటి. ఒక్క చెట్టులో అసలు ఎంత చెట్టు ఉంది?

మామూలుగా ఏం చేస్తారంటే, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను చుట్టూ టేపు పెట్టి, ఆ కొలతని ఫార్ములాలో వేస్తారు. టేకు చెట్టుకి ఓకే. మర్రికి టేపు ఎక్కడ చుడతారు చెప్పండి? ఊడలు దిగి అవే మానులైపోయాయి కదా.

అందుకే స్టాండు మీద పెట్టి తిప్పే లేజర్ స్కానర్. చెట్టు చుట్టూ నాలుగైదు చోట్ల పెడితే కోట్ల చుక్కలతో చెట్టు బొమ్మ వస్తుంది. చూడ్డానికి సూపర్. కానీ బొమ్మ బాగుంటే సరిపోదు, అందులోంచి వచ్చే నంబర్‌ని నమ్మగలగాలి.

లేజర్ వెలుగు వెళ్లి తిరిగి రావడానికి పట్టిన టైమ్‌తో దూరం లెక్కేస్తుంది. ఆ టైమ్‌లో 1 నానోసెకండ్ తేడా వస్తే దూరంలో 15 సెంటీమీటర్లు తప్పు. సన్న కొమ్మ మొత్తం అందులో పోతుంది! మెషీన్ వేడెక్కితే కూడా రీడింగ్ కొంచెం జరగొచ్చు. కాబట్టి ముందు ఆన్ చేసి కాసేపు వదిలేసి, చదునైన బోర్డుని 5, 10, 20, 40 మీటర్ల దగ్గర పెట్టి, మెషీన్ చెప్పిన దూరాన్ని అసలు దూరంతో పోల్చాలి.

అసలు కష్టం ఆకులతో. ఒకే ఆకు 10 మీటర్ల దగ్గర ఇచ్చిన వెలుగులో, 20 మీటర్ల దగ్గర దాదాపు నాలుగో వంతే తిరిగొస్తుంది. మరీ దగ్గరైతే లెన్స్ వల్ల ఈ లెక్క కూడా తప్పుతుంది, ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా. బాగా బలహీనంగా వచ్చిన వెలుగుని మెషీన్ అసలు లెక్కలోకే తీసుకోదు. అంటే పైకొమ్మల్లో ఆకులున్నా లేనట్టే కనిపిస్తాయి. 1550 నానోమీటర్ల లేజర్‌ని నీరు పీల్చుకుంటుంది, అందుకే పచ్చి ఆకు బెరడు కన్నా నల్లగా వస్తుంది. వాన పడి తడిస్తే ఇంకా నలుపు. అందుకే ఎంత శాతం వెలుగుని తిప్పికొడతాయో ముందే తెలిసిన పలకల్ని, తెల్లవి, బూడిద రంగువి, నల్లవి, రకరకాల దూరాల్లో పెట్టి స్కాన్ చేసి ఆ మెషీన్‌కి సొంత పట్టిక తయారు చేస్తారు. ఈ పనికి ఒక రోజు పడుతుంది. బోర్ కొడుతుంది, నిజమే.

ఇంత కష్టం దేనికి అంటే, చెట్టుని తీసి వేరేచోట నాటేటప్పుడు కొమ్మలన్నీ నరికేస్తారు. ముందొకటి, మూడేళ్ల తర్వాత ఒకటి స్కాన్ చేశామనుకోండి. కాలిబ్రేషన్ లేకపోతే, తేడా వచ్చింది చెట్టులోనా మెషీన్‌లోనా ఎవరూ చెప్పలేరు. "చెట్టు బాగానే ఉంది" అన్నవాడిదీ, "చచ్చిపోతోంది" అన్నవాడిదీ ఒకటే విలువ అయిపోతుంది.

2015లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా స్టడీలో 65 యూకలిప్టస్ చెట్లని స్కాన్ చేసి, తర్వాత కొట్టి తూకం వేసి చూశారు. లేజర్ లెక్క దాదాపు 10 శాతం ఎక్కువ చెప్పింది. టేపు ఫార్ములాలు 30 నుంచి 37 శాతం తక్కువ చెప్పాయి. మర్రిని అలా కొట్టి చూడలేం కదా, అందుకే మెషీన్ మీద ఇంకా గట్టి పట్టు కావాలి. మాను లోపల బోలుగా ఉంటే మాత్రం లేజర్‌కీ తెలియదు.

ఐఫోన్ 12 ప్రో నుంచి ప్రో మోడల్స్‌లో లైడార్ ఉంది, 5 మీటర్ల దాకా పని చేస్తుంది. ఎవరి దగ్గరైనా ఉంటే గోడకి 1, 2, 3, 4 మీటర్ల దూరంలో నిలబడి, టేపుతో కూడా కొలిచి, రెండూ కామెంట్‌లో పెట్టండి. ప్రతిసారీ 2 సెంటీమీటర్లే తేడా వస్తే దాన్ని తీసేయొచ్చు. దూరంతో పాటు తేడా పెరుగుతుంటే ఏ లెక్కన పెరుగుతుందో చూసి సరిచేయొచ్చు. ఒక్కోసారి ఒక్కోలా వస్తే మాత్రం ఆ ఫోన్‌తో మర్రిచెట్టు జోలికి వెళ్లకండి బాబూ, సెల్ఫీ దిగి వచ్చేయండి.