దుమ్మును పుట్టినచోటే పట్టాలి



ఈ రోజు మాట చెక్కపని చేసే ఇళ్ల గురించి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క బొమ్మలు చేస్తారు. మిగతా ఊళ్లలో మంచాలు, తలుపులు, పీటలు చేసే వడ్రంగులు ఉన్నారు. చాలామందికి పని చేసే చోటు, కాపురం ఉండే చోటు ఒకటే. మగవాళ్లు కర్ర కోస్తారు. ఆడవాళ్లు ఉప్పుకాగితం పట్టి నునుపు చేస్తారు, రంగులు వేస్తారు. సాయంత్రం చీపురు పట్టేదీ వాళ్లే. అందుకే ఈ సంగతి ముందు ఆడవాళ్లకే తెలియాలి.

కర్ర కోస్తే రెండు వస్తాయి. ఒకటి పొట్టు. రెండోది దుమ్ము. పొట్టు బరువుగా ఉంటుంది. వెంటనే కింద పడుతుంది. దాంతో ఉపయోగం ఉంది. పొయ్యిలో కూరి వంట చేసుకోవచ్చు. కొండపల్లి వాళ్లు చింతగింజల పిండిలో పొట్టు కలిపి మక్కు చేస్తారు. దాంతోనే బొమ్మలకు కాళ్లు, చేతులు అతుకుతారు.

దుమ్ము సంగతి వేరు. మిల్లీమీటరులో వందో వంతు కన్నా సన్నని దుమ్ము కంటికి కనబడదు. గంటల తరబడి గాలిలో తేలుతుంది. ఊపిరితో పాటు లోపలికి పోతుంది. తుమ్ములు, కళ్ల మంట, ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం తెస్తుంది. ఇంకా పెద్ద ప్రమాదం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ముక్కు లోపల క్యాన్సర్ రావచ్చు.

మరి పని మానేయాలా? మానేస్తే పొట్ట గడిచేదెట్లా? పని మానక్కర్లేదు. దుమ్మును పుట్టినచోటే పట్టాలి.

ఒక వడ్రంగి ఇల్లు తలచుకోండి. వసారాలో రంపం మిషను, నునుపు చేసే మిషను ఉన్నాయి. ఆ పక్క గదిలోనే పిల్లవాడి ఉయ్యాల. తల్లికి రాత్రి పడుకుంటే దగ్గు. అప్పు చేసి దుమ్ము లాగే వాక్యూమ్ మిషను కొన్నారు. తీరా చూస్తే దాని గొట్టం మూతి, పని మిషను మూతి ఒకదానికొకటి పట్టలేదు. గుడ్డ చుట్టి తాడు కట్టారు. సగం దుమ్ము సందుల్లోంచి బయటికే వచ్చింది.

"డబ్బు దండగ. తిరిగి ఇచ్చేద్దాం" అన్నాడు భర్త.

"ఉండవయ్యా, కొలిచి చూద్దాం" అంది ఆమె. రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది గదా! టేపు తెచ్చింది. పని మిషను మూతి బయటి కొలత 40 మిల్లీమీటర్లు. గొట్టం మూతి బయటి కొలత 32 మిల్లీమీటర్లు. రెండూ కాగితం మీద రాసింది.

"నువ్వు తలుపులకు గొళ్లెం కన్నాలు పెడతావు. దీనికి ఒక చెక్క ముక్క చేయలేవా?"

అతడు ఆలోచించాడు. గట్టి చెక్క దిమ్మె తీసుకున్నాడు. ఒక పక్క సగం లోతు వరకు 40 కన్నం తొలిచాడు. రెండో పక్క నుంచి 32 కన్నం దానిలోకి కలిపాడు. ఒక పక్క మిషను మూతి దూరింది. రెండో పక్క గొట్టం దూరింది. అతుకుల మీద పాత సైకిలు ట్యూబు ముక్క బిగించి తొడిగారు. వాక్యూమ్ వేసి, అతుకు దగ్గర సన్నని నూలుపోగు పట్టి చూశారు. పోగు లోపలికి వంగితే అక్కడ ఇంకా సందు ఉన్నట్టు. సందు దొరికిన చోట మళ్లీ బిగించారు.

తర్వాత ఇంకో పని చేశారు. గట్టి గోడలున్న పాత రంగు డబ్బా ఒకటి తెచ్చి, మూతకు రెండు కన్నాలు పెట్టారు. మిషను నుంచి వచ్చే గొట్టాన్ని డబ్బా లోపల పక్కకు వంచారు. వాక్యూమ్‌కు పోయే గొట్టాన్ని మూత మధ్యలో పెట్టారు. గాలి డబ్బా గోడల వెంట సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు, దుమ్ము అడుగున పడతాయి. గాలి మధ్యలోంచి పోతుంది. దాంతో వాక్యూమ్ లోపలి జల్లెడ త్వరగా మూసుకుపోదు. లాగే బలం తగ్గదు.

రంపం దగ్గర రేకును చేట ఆకారంలో వంచి, దానికి గొట్టం తగిలించారు. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. దూరం రెండింతలైతే లాగే బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే చేట దగ్గరగా ఉండాలి. అయితే తిరిగే భాగానికి తగలకూడదు. గొట్టం పొట్టిగా ఉండాలి. వంపులు తక్కువగా, మెల్లగా ఉండాలి.

ఇవన్నీ చేసినా దుమ్ము పూర్తిగా పోదు. సన్నని దుమ్ము కొంత మిగులుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. బిగించేటప్పుడు మిషను ప్లగ్గు పీకేయాలి. పనిలో కొంగు, జడ, గాజులు తిరిగే భాగం దగ్గరికి పోనీయకూడదు.

2. ఎండు చీపురుతో ఊడ్చవద్దు. దుమ్ము మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి.

3. మూతికి తువ్వాలు చాలదు. ఎన్-95 రకం మాస్కు ముఖానికి సందు లేకుండా పెట్టుకోవాలి.

4. సన్నని దుమ్మును మంటలోకి విసరకూడదు. గాలిలో లేచిన దుమ్ము భగ్గున అంటుకుంటుంది. డబ్బాను పొయ్యికి దూరంగా ఖాళీ చేయాలి.

5. ప్లైవుడ్ పొట్టులో జిగురు మందు ఉంటుంది. దాన్ని పొయ్యిలో పెట్టకూడదు.

6. పిల్లల ఉయ్యాల, మంచినీళ్ల బిందె, వంట సామాను పనిచోటికి దూరంగా పెట్టాలి.

మూతి పట్టలేదని మిషనును మూలన పడేయకండి. కొలవండి, రాయండి. చెక్కతో మంచం చేసే చేతులకు చెక్క మూతి చేయడం ఓ లెక్కా?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో, మీ వీధిలో దుమ్ము ఎక్కడ పుడుతోంది? చెక్క దుమ్మేనా? పిండి మర దుమ్ము, దూది దుమ్ము, రాతి దుమ్ము ఉన్నాయా? దాన్ని ఎవరు ఎక్కువగా పీలుస్తున్నారు? పుట్టినచోటే ఎలా పట్టవచ్చు? మీకు తోచింది పలకమీద రాసి, పక్కన కూర్చున్నామెకు చదివి వినిపించండి.