మన పైసలు ఏ పద్దులో ఉన్నాయి?

(నాగిరెడ్డిపేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగుల కోసం ప్రభుత్వం నిర్వహించే నిధుల గురించి, వాటి నియమాల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. విషయం వినగానే కొందరికి కునుకు వస్తుందని నాకు తెలుసు. నా ప్రసంగాన్ని భోజనాలకు ముందు పెట్టారు కాబట్టి కొంత మేలు. లెక్కలు తక్కువగా, సంగతి ఎక్కువగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన మండలంలోనే పోచారం ప్రాజెక్టు ఉంది. నిజాం కాలంలో కట్టింది, 1922లో పూర్తయింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలు ఆ నీటితో పండుతున్నాయి. ప్రాజెక్టులు రాకముందు నుండీ మన ఊళ్లలో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. చెరువులో నీళ్లు నీరటివి కావు. అయినా అతడు లెక్క తప్పితే చివరి మడి ఎండుతుంది. ఉద్యోగుల నిధులను చూసే ప్రభుత్వం కూడా ఒక నీరటియే. నీళ్లు మనవి, తూము తాళం వారిది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా సులభంగా అర్థమవుతుంది.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడి నగర పాలక సంస్థల్లో, రాష్ట్రాల్లో 'ఇంటర్నల్ సర్వీస్ ఫండ్' అనే ఏర్పాటు ఉంది. వాహనాల మరమ్మతు, కంప్యూటర్లు, ఉద్యోగుల బీమా వంటి పనులను ఒక విభాగం మిగతా విభాగాలన్నిటికీ చేసిపెడుతుంది. అయిన ఖర్చును వారి నుండి వసూలు చేసి విడి పద్దులో ఉంచుతుంది. నియమం ఏమిటంటే లాభం చేసుకోకూడదు, నష్టంలో పడకూడదు, కొన్నేళ్ల మీద రాబడీ ఖర్చూ సరిపోవాలి. ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ గ్రాంటు సొమ్ము కలిసినచోట, మామూలుగా 60 రోజుల నగదు ఖర్చుకు సరిపడే నిల్వను సమంజసమని ఒప్పుకుంటారు. ఎక్కువ పోగుపడితే రేటు ఎక్కువగా వేశారని అర్థం. తక్కువైతే రేపటి భారం ఎవరి మీదనో పడుతుందని అర్థం.

మన దగ్గర ఆ పేరు లేదు గాని ఆ పని ఎప్పటినుండో ఉంది. 1907లో నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం కుటుంబ పెన్షను నిధిని ప్రారంభించింది. 1913లో అది రాజ్య జీవిత బీమా నిధిగా మారి పాలసీలు ఇవ్వసాగింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మనమంతా 'ఎ.పి.జి.ఎల్.ఐ.' అని పిలిచిన బీమా అదే. 2014లో తెలంగాణ వచ్చాక మన వంతు తెలంగాణ ప్రభుత్వ జీవిత బీమా అయింది. అంటే బయటి కంపెనీ లేకుండా, ప్రభుత్వమే తన ఉద్యోగులకు బీమాదారు. ప్రీమియం జీతంలోనే కోత. వచ్చిన ప్రీమియాలు, ఇవ్వవలసిన క్లెయిములు ఎదురెదురుగా పెట్టి బీమా గణకులు లెక్క కట్టాలి. ఆ లెక్క మీదనే బోనసు ఆధారపడుతుంది.

రెండవది గ్రూపు ఇన్సూరెన్సు. 1984 నవంబరు 1 నుండి అమలైంది. మొదట యూనిటుకు నెలకు రూ.10 కోసేవారు, 1994 నవంబరు నుండి రూ.15 చేశారు. ఆ పదిహేను రూపాయలు రెండుగా చీలుతాయి. చిన్న భాగం బీమా నిధికి, పెద్ద భాగం పొదుపు నిధికి. సర్వీసులో ఉండగా మరణిస్తే కుటుంబానికి యూనిటుకు రూ.15,000 బీమా, దానితోపాటు పొదుపు కూడా వస్తుంది. క్షేమంగా రిటైరైన మనకు పొదుపు భాగం వడ్డీతో వచ్చింది. "బీమా భాగం పోయింది కదా" అని చాలామంది నన్ను అడిగారు. పోలేదు. మనతో పనిచేస్తూ మధ్యలో వెళ్లిపోయినవారి ఇళ్లకు చేరింది.

మూడవది అందరికీ తెలిసిన జి.పి.ఎఫ్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ డబ్బు ఎక్కడుంది? ఏదో పెట్టెలో మన పేరు రాసి పెట్టి ఉందని అనుకుంటాము. అలా లేదు. రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం పన్నుల రాబడి, అప్పులు సంచిత నిధికి చేరుతాయి. అందులోనుండి రూపాయి తీయాలన్నా శాసనసభ ఆమోదం కావాలి. ప్రభుత్వం ఇతరుల తరఫున పుచ్చుకున్న సొమ్ము ప్రజా పద్దుకు, అంటే పబ్లిక్ అకౌంటుకు చేరుతుంది. మన జి.పి.ఎఫ్. 8009 పద్దులో, బీమా నిధులు 8011 పద్దులో ఉంటాయి. వాటిని తిరిగి చెల్లించడానికి శాసనసభ ఓటు అక్కరలేదు, ఎందుకంటే అది ప్రభుత్వపు సొమ్ము కాదు, ప్రభుత్వం మనకు ఉన్న బాకీ. దాని మీద వడ్డీ మాత్రం బడ్జెటులో 2049 పద్దు కింద ఖర్చు పడుతుంది.

అయితే నగదు అంతా కలిసిపోయి ఒకే ఖజానా నిల్వలో ఉంటుంది. రోడ్డు బిల్లు, జీతం బిల్లు, మన జి.పి.ఎఫ్. బిల్లు అన్నీ ఆ ఒక్క నిల్వ నుండే పోవాలి. అందుకే చేతికి డబ్బు ఇరుకైనప్పుడు, బిల్లు పాసై టోకెను వచ్చినా ఖాతాలో పడడానికి నెలలు పడుతుంది. 61 ఏళ్ల వయోపరిమితి తరువాత, 2024 మార్చి నుండి రిటైరైన మన తమ్ముళ్లు చెబుతున్న బాధ ఇదే. హక్కు పద్దులో ఉంది, నగదు వరుసలో ఉంది. రెండింటికీ తేడా తెలుసుకుంటేనే మనం ఏమి అడగాలో తెలుస్తుంది. మనం దయ అడగడం లేదు, బాకీ అడుగుతున్నాము.

నగదు విడిగా లేదు కాబట్టి మిగిలింది పద్దు ఒక్కటే. పద్దు తప్పితే డబ్బు తప్పినట్టే. ఇది పుస్తకంలో చదివింది కాదు, నా తప్పు వల్ల నేర్చుకున్నది.

1989లో నేను జిల్లాలో మరో మూల ఒక ఉప ఖజానాలో గుమాస్తాను. ఒక కార్యాలయం నుండి జీతం బిల్లు వచ్చేది. అందులో జి.పి.ఎఫ్. కోత మొత్తం ఉండేది గాని, ఎవరి ఖాతా నంబరుకు ఎంత అని చెప్పే షెడ్యూలు జత చేసేవారు కాదు. నియమం ప్రకారం ఆక్షేపణ రాసి తిప్పి పంపాలి. నెలాఖరు, నలుగురి జీతం ఆగుతుంది, "వచ్చే నెల తెస్తాం సార్" అన్నారు. పాస్ చేశాను. అక్టోబరు నుండి మార్చి దాకా ఆరు నెలలు అలాగే చేశాను. మంచిపని చేశాననుకున్నాను.

2010లో ఒక అమ్మ మా కార్యాలయానికి వచ్చింది. ఆమె భర్త జూనియర్ అసిస్టెంటుగా చేరి, సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. జి.పి.ఎఫ్. తుది చెల్లింపులో ఆరు నెలల జమ లేదని వచ్చింది. "సారూ, మా ఆయన జీతంల కెల్లి కోసిన పైసలు ఏడికి పోయినయి?" అని అడిగింది. నెలకు రూ.300. మొత్తం రూ.1,800. చూడడానికి చిన్నదే. కాని 1990 నుండి 2000 వరకు జి.పి.ఎఫ్. వడ్డీ 12 శాతం. ఆ తరువాత 11, తొమ్మిదిన్నర, 9, చివరికి 8 శాతానికి దిగింది. చక్రవడ్డీతో లెక్క కడితే ఇరవై ఏళ్లలో ఆ రూ.1,800 సుమారు రూ.12,700 అవుతుంది. ఆమె కూతురి కాలేజీ ఫీజు ఆ సంవత్సరం అంతకంటే తక్కువ.

బిల్లు మీద సంతకం చూశాను. నాదే.

ఆమె భర్త జాగ్రత్తపరుడు. ప్రతి నెల జీతం ఎంత, కోత ఎంత అని ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఇనుప పెట్టెలో బట్టల కింద అది దొరికింది. నెలలు తెలిశాయి కాబట్టి పాత రిజిస్టర్లు దించి, చెదలు దులిపి, వోచరు నంబరు, తేదీ, మొత్తం వెతికి, ధృవపత్రం రాసి అకౌంటెంటు జనరల్ కార్యాలయానికి పంపాము. డబ్బు వచ్చింది. కాని పద్నాలుగు నెలలు పట్టింది. ఆ నోటుబుక్కు లేకపోతే అసలు వచ్చేది కాదు. ఆ రోజు నుండి, నియమం అనేది మనిషిని సతాయించడానికి పెట్టిందని నేను అనడం మానేశాను. నేను దయ అనుకున్నది ఆ కుటుంబానికి అప్పు అయింది.

మిత్రులారా, ఇదంతా ప్రభుత్వానికే చెబితే సరిపోదు. మన సంఘానికి కూడా ఒక నిధి ఉంది. సభ్యుడు మరణిస్తే అంత్యక్రియల ఖర్చుకు ఆ కుటుంబానికి ఇచ్చే సహాయం. అది కూడా చిన్న చెరువే, మన కార్యవర్గమే నీరటి. ఉదాహరణకు 150 మంది సభ్యులు నెలకు రూ.50 ఇస్తే సంవత్సరానికి రూ.90,000. ఒక్కో కుటుంబానికి రూ.15,000 ఇస్తే ఆరుగురికి సరి. ఏడవ ఇంటికి ఏమి చెబుతాము? మన వయసులు ఏటా పెరుగుతాయే గాని తగ్గవు. అందుకని నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

మొదటిది, ప్రతి ఏప్రిల్‌లో గత ఐదేళ్లలో ఎన్ని సహాయాలు ఇచ్చామో చూసి ఆ సంవత్సరానికి అంచనా వేయాలి. చందా దానికి తగ్గట్టు ఉండాలి. రెండవది, అనుకోని ఇద్దరు ముగ్గురికి సరిపడే నిల్వ ఎప్పుడూ ఉంచాలి, అంతకుమించి పేరుకుంటే చందా తగ్గించాలి లేదా సహాయం పెంచాలి. మూడవది, ఈ నిధికి బ్యాంకులో విడి ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. సమావేశం భోజనాలకు, శాలువాలకు అందులోనుండి "తాత్కాలికంగా" తీయకూడదు. తాత్కాలికమనే మాటే నన్ను ఆరు నెలలు ముంచింది. నాలుగవది, లెక్కను ఏడాదికొకసారి సభలో చదివి వినిపించాలి. రాష్ట్ర లెక్కల మీద కాగ్ నివేదిక శాసనసభ ముందు పెడతారు. మన లెక్క మన ముందు పెట్టడానికి మొహమాటం ఎందుకు?

ఇళ్లలో చేయవలసింది ఒకటి ఉంది. పెన్షను చెల్లింపు ఉత్తర్వు నకలు, కుటుంబ సభ్యుల వివరాలు, బ్యాంకు పుస్తకం, ఇంకా రావలసిన బకాయిల కాగితాలు ఒకే సంచిలో పెట్టండి. ఆ సంచి ఎక్కడుందో ఇంటామెకు, ఒక బిడ్డకు చెప్పండి. మన ఇళ్లలో ఆడవాళ్లకు భర్త జీతం ఎంతో తెలుసు గాని, పి.పి.ఓ. నంబరు తెలియదు. ఆ తెలియకపోవడానికి వారు కాదు, మనమే కారణం. సర్వీసులో ఉన్న మీ కొడుకులకు, కోడళ్లకు కూడా చెప్పండి, 2004 సెప్టెంబరు నుండి చేరిన సి.పి.ఎస్. వారైనా సరే, ఏటా తమ ఖాతాలో పన్నెండు జమలు పడ్డాయో లేదో లెక్కపెట్టుకోవాలి.

ఆ అమ్మ ఇప్పుడు కుటుంబ పెన్షను తీసుకుంటున్నది. ఎక్కడైనా కనబడితే నన్ను పలకరిస్తుంది. నోటుబుక్కు ఇంకా దాచే ఉంచిందట. "ఎందుకమ్మా, పని అయిపోయింది కదా" అన్నాను. "ఆయన చేతిరాత కదా సారూ" అన్నది.