చిన్న పట్టాలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



బొమ్మ రైలు అనగానే పిల్లల ఆటవస్తువు జ్ఞప్తికి వచ్చుట సహజము. తిరునాళ్ళలో కొన్న రేకు బండి రెండు దినములు తిరిగి మూడవనాడు మూలపడును. కాని ఇంగ్లండు మున్నగు దేశములలో తల నెరసిన పెద్దలు ఏండ్ల తరబడి శ్రమించి చిన్న రైలు మార్గములను నిర్మించి, ప్రదర్శనములలో ప్రజలకు చూపుచున్నారు. లండను నగరమున ఈ అభిరుచి గలవారి సంఘమొకటి 1910లోనే ఏర్పడెను. వీరిలో నేరో గేజి మార్గముల నమూనాలను చేయువారిది ఒక ప్రత్యేక శాఖ. వారి పనిలో వినోదముతోపాటు గ్రామవాసులు గ్రహింపదగిన విషయమొకటి కలదు.

రెండు పట్టాల లోపలి అంచుల నడుమ గల దూరమునే గేజి యందురు. భారతదేశమున బ్రాడ్ గేజి 5 అడుగుల 6 అంగుళములు. ఇంగ్లండులో వాడుకలో నున్న ప్రమాణ గేజి 4 అడుగుల 8½ అంగుళములు. నేరో గేజి అంతకంటె చాల ఇరుకైనది. 2 అడుగుల గేజి, రెండున్నర అడుగుల గేజి ఇందులో ప్రసిద్ధములు. ధనము చాలనిచోట, వచ్చు సరకు కొద్దియైనచోట, ఇట్టి దారిని వేసిరి. పట్టాల నడుమ దూరము తగ్గినకొలది మలుపులను బిగువుగా త్రిప్పవచ్చును, కొండను తొలుచు పని తగ్గును, వంతెన తేలికయగును.

వేల్సు దేశమున ఫెస్టినియోగ్ మార్గము 1836లో ఏర్పడినది. ఇండ్ల కప్పులకు వాడు పలక రాళ్ళను కొండనుండి రేవునకు దింపుట దాని పని. నిండిన బండ్లు వాలున తమంతట తామే దిగివచ్చెడివి. ఖాళీ బండ్లను గుఱ్ఱములు పైకి లాగెడివి. ఆవిరి ఇంజనులు 1863లో గాని రాలేదు. భారతదేశమున డార్జిలింగు కొండమీదికి 1881లో పూర్తియైన మార్గము 2 అడుగుల గేజిదే. దానిని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను.

ఇక నమూనా లెక్క చూడుడు. మిక్కిలి ప్రచారము గల ఒక కొలతలో, అసలు వస్తువునందలి ఒక అడుగు నమూనాలో 4 మిల్లీమీటర్లు. అనగా 76వ వంతు. ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్ల బొమ్మయగును. ఆ లెక్కన 9 మిల్లీమీటర్ల పట్టాలు 2 అడుగుల 3 అంగుళములకు సమానములు. వేల్సులోని టాలిలిన్ రైలు మార్గము గేజి సరిగా అంతయే. ఇందులో పొదుపు కూడ కలదు. మరింత చిన్న కొలతలో పెద్ద గేజి రైళ్ళను చేయువారికొఱకు 9 మిల్లీమీటర్ల దూరమున అమర్చిన చక్రములు, మోటార్లు బజారున దొరకును. వానిని కొని, పైన నేరో గేజి ఇంజను శరీరమును తామే చేసి అమర్చుకొందురు. 12 వోల్టుల విద్యుత్తు పట్టాలగుండ ప్రవహించి మోటారును త్రిప్పును. విద్యుత్తు దిశ మార్చినచో బండి వెనుకకు నడచును. 9 అంగుళముల వ్యాసార్ధముతో మలుపు త్రిప్పవచ్చును గనుక, రెండడుగుల వెడల్పు గల బల్లపై ఒక మార్గమంతయు ఇముడును. ఇరుకైన ఇంటివానికి ఇది గొప్ప సౌకర్యము.

ఎడింబరో నివాసి పి. డి. హాంకాక్ అను నతడు ఈ శాఖకు మార్గదర్శి. అతడు నిర్మించిన క్రెయిగ్ అండ్ మెర్టన్‌ఫర్డ్ మార్గము ఏ దేశపటమునందును లేదు. అది కేవలము ఊహ. ఐనను దానిని చూచినవారు అట్టి ఊరు నిజముగ నున్నదని తలచునంత శ్రద్ధతో కట్టెను. ఆ అనుభవములను 1975లో గ్రంథముగ వెలువరించెను. అంతకు పూర్వమే, 1973లో, 9 మిల్లీమీటర్ల పట్టాలవారందరు కలిసి ఇంగ్లండులో ఒక సంఘముగ నేర్పడిరి.

ప్రదర్శనము సాధారణముగ ఏ పాఠశాలలోనో, ఊరి సభాశాలలోనో జరుగును. ముక్కలుగా తెచ్చిన బల్లలను మరలతో బిగించి, తీగలు కలిపి, పట్టాలను తుడిచి సిద్ధము చేయుదురు. పట్టాపై రవ్వంత దుమ్ము నిలిచినను ఇంజను ఆగిపోవును. పిల్లలకు కనబడునట్లు ముందు వరుస వదలుదురు. బల్లపై కొండ, వాగు, రాతి వంతెన, స్టేషను, గొఱ్ఱెల మంద యుండును. బండి సొరంగములో దూరి తెరచాటునకు పోవును. అచట నొకడు కూర్చుండి దానిని మరలించి పంపును. పిల్లలు బండిని చూతురు. వృద్ధులు స్టేషనును చూతురు. “తలుపు రంగు ఇది కాదు, దీపస్తంభము ఈ ప్రక్క నుండెడిది” అని పలుకు వృద్ధుడు దొరికెనా, నిర్మాతకు పండుగయే. వెంటనే కాగితము తీసి వ్రాసికొనును.

ఈ వ్రాసికొనుటలోనే అసలు సంగతి యున్నది.

డెవన్ సీమయందు బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి సముద్రపుటొడ్డు కొండమీది లింటన్ వరకు 1898లో ఒక నేరో గేజి మార్గము తెఱవబడెను. దాని నిడివి సుమారు 19 మైళ్ళు. చెల్ఫామ్ వద్ద ఎనిమిది కమానుల వంతెన దానికి అలంకారము. యో, ఎక్స్, టా, లిన్, లూ అని ఇంజనులకు ఆ సీమలోని నదుల పేర్లు పెట్టిరి. మోటారు బండ్లు వచ్చినపిదప ఆదాయము తగ్గెను. 1935 సెప్టెంబరు నెలాఖరున కడపటి బండి నడచెను. పట్టాలు పెఱికిరి, ఇంజనులను ముక్కలు చేసిరి. లూ ఒక్కటి మాత్రము ఓడనెక్కి బ్రెజిలు దేశమునకు పోయెను. ప్రయాణికుల పెట్టెలు కొన్ని తోటలలో సామాను కొట్లయ్యెను.

నమూనాకారులకు ఈ మార్గముపై గల మక్కువ మిక్కుటము. బండి లేదు, దారి లేదు. మిగిలినవి ఫోటోలు, పటములు, తోటలో చివికిన పెట్టెలు, ముసలివారి మాటలు. వానిని పోగుచేసి కొలిచి, కిటికీ చట్రము మొదలు మేకు తల వరకు సరిచూచి నమూనాలు చేసిరి. మఱికొందరు అసలు మార్గమునే లేపబూనిరి. 2004లో వుడీ బే స్టేషనువద్ద కొద్ది దూరము బండి మరల నడచెను. లూ పోలికలో నిర్మించిన లిడ్ అను ఇంజను 2010లో ఆవిరి పట్టెను. తోటలలో మ్రగ్గిన పెట్టెలును బాగుపడి 2013లో ప్రయాణికుల నెక్కించుకొనెను. బొమ్మలు చేసినందువలననే అసలు బండి లేచెనని చెప్పుట అతిశయోక్తి. రెండు పనులకును ఆధారమైనది మాత్రము ఒకటే: ఎవరో పనికిరాదని పారవేయక దాచిన కాగితము.

తెలుగువారికిని ఇట్టి చిన్న రైలుండెను. పర్లాకిమిడి మహారాజా వారు పూనుకొని వేయించిన రెండున్నర అడుగుల గేజి మార్గము శ్రీకాకుళము సీమలోని నౌపడానుండి టెక్కలి, పాతపట్నములమీదుగ పర్లాకిమిడికి 1900లో నడచెను. 1931 నాటికి గుణుపురము చేరెను. 2004లో దానిని ఆపి, బ్రాడ్ గేజి వేసి, 2011లో గుణుపురము వరకు పెద్ద బండిని నడపిరి. ఇది నష్టము కాదు. పెద్ద బండి వచ్చుట ప్రజలకు మేలే. కాని చిన్న బండిలో బడికి పోయినవారు, సంతకు పోయినవారు, ఆ పట్టాలపై పనిచేసినవారు నేటికిని ఉన్నారు. వారి మాట వ్రాసికొనువాడు లేనియెడల, రేపు నమూనా చేయబూనిన బాలునకు స్టేషను తలుపు రంగైనను తెలియదు.

రైలే కానక్కరలేదు. ఏతాము, ఎద్దు గానుగ, రేవు పడవ, పాత బియ్యపు మర — ప్రతి గ్రామమునను కొలిచి ఉంచదగినవి కలవు. ఒక కొలబద్ద, ఒక నోటు పుస్తకము, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు చాలును. ఎంత పొడవు, ఏ కఱ్ఱ, ఎవరు చేసిరి, ఏ యేట ఆగెను అని వ్రాసి, వ్రాసినవాని పేరు, తేదీ వేసి గ్రంథాలయమున నుంచవలెను. ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రముగ కాపాడిన గ్రంథాలయమునకు అట్టి నోటు పుస్తకమున కొక బీరువా అర యిచ్చుట భారము కాదు. స్వర్ణోత్సవము నాటికి ఆ అర నిండియుండుగాక.