సరిచూచుట
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



మన లెక్కల మాస్టారు సమీకరణం సాధించగానే వదిలేవారు కాదు. కింద ‘సరిచూచుట’ అని రాసి, వచ్చిన విలువను మళ్లీ సమీకరణంలో పెట్టి చూపించాలి. ఒకసారి నేను విలువ పెట్టకుండానే ‘ఎడమవైపు = కుడివైపు’ అని రాసేశాను. జవాబు ఒప్పే. అయినా అర మార్కు కోశారు. చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను.

నేను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవర్లు రాస్తాను. డ్రైవర్‌కు మెమరీ కావాలంటే కెర్నల్‌ను అడగాలి. ఉంటే ఆ చోటి చిరునామా ఇస్తుంది, లేకపోతే ‘నల్’, అంటే శూన్యం ఇస్తుంది. శూన్యాన్ని చిరునామా అనుకుని వాడితే మామూలు ప్రోగ్రామ్ అయితే అదొక్కటే ఆగుతుంది. కెర్నల్‌లో మొత్తం యంత్రమే కూలిపోవచ్చు. అందుకే అడిగిన ప్రతిసారీ వచ్చిందో లేదో చూడాలి.

చిక్కేమిటంటే, చిన్న చిన్న కోరికలకు కెర్నల్ దాదాపు ఎప్పుడూ లేదనదు. కాసేపు ఆగుతుంది, పాత సమాచారం ఖాళీ చేస్తుంది, అదీ చాలకపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపైనా చోటు చేస్తుంది. కానీ ఇంటరప్ట్‌ను చూసుకుంటున్నప్పుడో, స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడో అడిగితే ఆగే వీలుండదు. అప్పుడు శూన్యం రావచ్చు.

నా డ్రైవర్‌లో ‘శూన్యం వస్తే వెనుదిరుగు’ అని రాశాను. వెనుదిరిగే ముందు లాక్ వదలడం మరిచాను. ఆ వరుసలు మా పరీక్షల్లో ఒక్కసారీ నడవలేదు. రెండేళ్లకు, ఒక వినియోగదారుడి దగ్గర మెమరీ నిండిపోయిన రాత్రి, మొదటిసారి నడిచాయి. వదలని లాక్ కోసం ఎదురుచూస్తూ యంత్రం బిగుసుకుపోయింది. తెల్లవార్లూ అక్కడివాళ్ల పని ఆగింది. తప్పు పూర్తిగా నాదే.

ఇప్పుడు మా బృందంలో కొత్తగా చేరినవారికి రెండు మాటలు చెబుతాను. తీసుకున్నవన్నీ తీసుకున్న వరుసకు తలకిందులుగా తిరిగి ఇచ్చెయ్యండి. రెండోది, కెర్నల్‌లోనే ‘ఫాల్ట్ ఇంజెక్షన్’ అనే సదుపాయం ఉంది. అది మెమరీ ఉన్నా కావాలని లేదంటుంది. దాన్ని పెట్టి, మీరు రాసిన ప్రతి ‘లేదు’ దారినీ ఒక్కసారైనా నడిపి చూడండి.

ఆ రాత్రి నేను చేసింది పదో తరగతిలో చేసినదే. ‘సరిచూచుట’ అని శీర్షిక రాశాను, విలువ పెట్టి చూడలేదు.

మాస్టారు ఈ రోజు ముందు వరుసలో కూర్చున్నారు. మాస్టారూ, ఆ అర మార్కు కోయడం న్యాయమేనండి. సెలవు.