ఒకే మట్టిలో పెంచి చూడండి



వృక్షశాస్త్రం చదివినవాణ్ణి వేదికెక్కిస్తే మొక్కల గురించే మాట్లాడతాడు, ఓర్చుకోండి. ఇవాళ్టి మొక్క నెటిల్. మన దూలగొండికి దీనితో చుట్టరికం లేదు. దూలగొండిలో దురదంతా కాయమీది నూగులో ఉంటుంది. నెటిల్‌కు ఆకూ కాండమూ అంతా సూదులే. తాకితే సిలికాతో గట్టిపడ్డ కొన విరిగి, హిస్టమిన్ వగైరా చర్మంలోకి దిగుతాయి.

జపాన్‌లోని నారా పార్కులో వెయ్యికి పైగా జింకలు తిరుగుతుంటాయి. కసుగా దేవాలయం వాటిని పవిత్రంగా చూడటంతో సుమారు 1200 ఏళ్లుగా అవి అక్కడ రక్షణలో ఉన్నాయి. అక్కడి నెటిల్ ఆకు చిన్నది, సూదులు మాత్రం విపరీతం. జింకలు తక్కువగా ఉన్న చోట్లతో పోలిస్తే పదుల నుంచి వందల రెట్లు దట్టం. జింక కొరికితే మొక్క సూదులు పెంచుకుందా? లేక సూదులున్నవే బతికి విత్తనమిచ్చాయా? మొదటిదాన్ని తేలిగ్గా కొట్టెయ్యకండి, దెబ్బతిన్న నెటిల్ మళ్లీ చిగిర్చినప్పుడు సూదులు ఎక్కువగా వేసిన దాఖలాలున్నాయి. అందుకే రెండు చోట్ల మొక్కలనూ ఒకే గ్రీన్‌హౌస్‌లో పెంచారు. జింక లేదు, మేత లేదు. అయినా తేడా అలాగే నిలిచింది. అంటే అది వారసత్వంగా వచ్చిందే.

ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గరి వికెన్ ఫెన్ చిత్తడి నేలలో దీనికి తిరగబడ్డ కథ. అక్కడ దాదాపు కుట్టని నెటిళ్లున్నాయి. 1980లలో పొలార్డ్, బ్రిగ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వీటిని పరిశీలించి, సూదుల సాంద్రతలోని తేడాకు జన్యు మూలముందని చూపారు.

ఇలాంటి తేడాలను కంటితో చూసి తేల్చడంలో చిక్కేమిటంటే, నెటిల్ నేలలో కొమ్ములు పాకించి గుంపు కడుతుంది. వంద కాండాలు కనిపించినా, జన్యుపరంగా అదంతా ఒక్క మొక్కే కావచ్చు. అలాంటి గుంపులోనే నీడలో ఆకు వెడల్పుగా, ఎండలో చిన్నగా ఉంటుంది. ఐరోపాలో 26 క్రోమోజోముల రకం, 52 క్రోమోజోముల రకం రెండూ ఉన్నాయి. ఆకు చూసి ఏది ఏ రకమో చెప్పబోయేవారు తరచూ బోల్తా పడతారు.

జన్యుక్రమం చదివే యంత్రాలు చవకయ్యాక కుండీలో మొక్క పెంచడం పాతచింతకాయ పచ్చడిలా కొందరికి అనిపిస్తోంది. నా లెక్కలో కుండీయే ముందు. యంత్రం తేడా ఎక్కడుందో చెబుతుంది. ఆ తేడా రూపంలో దేనికి కారణమో తెలియాలంటే పెంచి చూడాల్సిందే.

ఇవాళ పట్టాలందుకున్న మీలో కొందరు రేపు అడవుల్లో మొక్కలు సేకరిస్తారు. ఎండబెట్టి దాచే నమూనా (హెర్బేరియం) చీటీ మీద పేరు, ఊరు, తేదీ రాస్తారు. అక్కడ నీడ ఎంతో, పశువులు మేశాయో లేదో, పక్క కాండం అదే వేరుదో కాదో కూడా రాయండి. వీలైతే నాలుగు విత్తనాలు కవర్లో వేసుకొని రండి.