చక్రము క్రింది తడి



మన హోసూరు వర్తకులలో కొందరు సరకుల బండికి బ్రేకులు స్వయముగా బిగించుకొనుచున్నారు. నేనును అట్టివాడనే. నిరుడు ముందు చక్రముల బ్రేకు గొట్టములు మార్చితిని. మరునాటి ఉదయము చక్రము క్రింద నేల తడిసి యుండెను. పెడలు త్రొక్కగా అడుగు వరకు దిగిపోయెను. బండి వీధి కెక్కక మునుపే చూచుట మా పిల్లల పుణ్యము.

ఇట్టి తడిని మన చేయి తగిలిన చోటనే మొదట వెదకవలెను. కీళ్లన్నియు పొడిగుడ్డతో తుడిచి, మరియొకరిచే పెడలు త్రొక్కించి, తడి యెక్కడ పుట్టుచున్నదో చూడుడు. గాలి తీయు బ్లీడరు మర వదులై యుండవచ్చును. నా బండిలో దోషము గొట్టపు బోల్టునకు ఇరువైపుల నుండు రాగి వాషర్లది. క్రొత్త వాషరు మెత్తనిది. బిగింపునకు నలిగి సందు మూయును. ఒకసారి నలిగినది గట్టిపడును, మరల ఒదుగదు. నేను పాతవే వేసితిని. కొద్ది రూపాయల పొదుపు! ఇంకను బిగించిన ఆగునని తలంపకుడు, బోల్టు తెగవచ్చును.

వెనుక డ్రమ్ములలోనైనచో చక్రపు సిలిండరు రబ్బరు తొడుగు ఎత్తి చూడవలెను. లోపల తడి యున్న కప్పు చెడినట్లే. ద్రవము పీల్చిన లైనింగు తుడిచినను పనికిరాదు, మార్చవలెను.

తరిగిన ద్రవమునకు బదులు ఇంజను నూనె ఎన్నడును పోయరాదు. రబ్బరు ఉబ్బి చెడును. మూతపై డాట్ 3 అనియో డాట్ 4 అనియో యుండును, అదియే పోసి, గాలి తీసి, పెడలు గట్టిపడు వరకు బండి కదలింపకుడు.