విదేశీ ఆసుపత్రిలో ఉద్యోగం: పట్టా నుంచి ఒప్పందం దాకా

విదేశీ ఆసుపత్రిలో చేరదలచిన తమిళనాడు నర్సుకు స్నాతకోత్సవంలో అందే పట్టా మొదటి పత్రం మాత్రమే. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ముగిశాక తమిళనాడు నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే ఆ చదువుకు వృత్తి హోదా వస్తుంది. పనిచేసిన అనుభవాన్ని లెక్కించేది కూడా సాధారణంగా ఆ నమోదు తేదీ నుంచే. కనుక నమోదును వాయిదా వేయడం తగదు.

విదేశీ సంస్థలు చేతిలోని పత్రాన్ని చూసి ఊరుకోవు, దాన్ని ఇచ్చినవారినే అడుగుతాయి. గల్ఫ్ దేశాల తరఫున డేటాఫ్లో సంస్థ పట్టా గురించి విశ్వవిద్యాలయాన్ని, నమోదు గురించి కౌన్సిల్‌ను, అనుభవం గురించి పనిచేసిన ఆసుపత్రిని విచారిస్తుంది. మదురైలోనో అరుప్పుకోట్టైలోనో చిన్న ఆసుపత్రిలో చేరినా సరే, నియామక ఉత్తరం, బ్యాంకులో జీతం పడిన ఆధారం, మానేసేటప్పుడు తేదీలతో సహా అనుభవ పత్రం తప్పకుండా తీసుకోవాలి. గల్ఫ్ ఆసుపత్రులు చాలావరకు రెండేళ్ల అనుభవం అడుగుతాయి.

కారియాపట్టి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు పేరు దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంట్లో ఇంటిపేరు వాడుకలో ఉంటుంది, పెళ్లి సంబంధాలు దాన్ని అడిగే మొదలవుతాయి. బడి రికార్డులో మాత్రం తమిళనాటి పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరమే చేరుతుంది. పాస్‌పోర్టులో పొడి అక్షరం చెల్లదు, పేరు పూర్తిగా విప్పి రాయాలి. అప్పుడు ఒకరు తండ్రి పేరు రాస్తారు, మరొకరు ముచ్చటపడి ఇంటిపేరు చేరుస్తారు, పెళ్లయిన అమ్మాయి భర్త పేరు పెట్టుకుంటుంది. పదో తరగతి పత్రంలో ఒకటి, పట్టాలో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటే పరిశీలన అక్కడే ఆగుతుంది. ఇంటిపేరు మీద మమకారం సహజమే. అయినా మిగతా పత్రాల్లో లేని పేరును పాస్‌పోర్టులోకి తేకపోవడమే క్షేమం. తేడా ముందే ఉన్నట్లయితే ప్రభుత్వ గెజెట్‌లో పేరు మార్పు ప్రకటించి సరిచేసుకోవాలి.

పరీక్షలు దేశాన్ని బట్టి మారతాయి. గల్ఫ్ దేశాల లైసెన్సుకు చాలావరకు కంప్యూటర్ మీద ప్రోమెట్రిక్ పరీక్ష ఉంటుంది. బ్రిటన్‌కు ఆంగ్ల పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి, లేదా మరో ఆంగ్ల పరీక్ష ఓఈటీలో తగిన గ్రేడు ఉండాలి. ఆపైన కంప్యూటర్ పరీక్ష, ఆస్కీ అనే ప్రయోగ పరీక్ష ఉంటాయి. ఆస్కీకి హాజరు కావాల్సింది బ్రిటన్‌లోనే. జర్మనీలో అర్హత గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి, అది నెలల తరబడి సాధనతో వచ్చేది. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష తప్పదు.

అసలు ప్రమాదం దళారులతో. 2015లో కువైట్ నియామకాల పేరిట కేరళలో ఒక్కో నర్సు దగ్గర లక్షల్లో వసూలు చేసిన వ్యవహారం సీబీఐ కేసు దాకా వెళ్లింది. ఆ ఏడాదే కేంద్రం సౌదీ, కువైట్, ఖతర్, యూఏఈ సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేసి, నియామకాలను ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. తమిళనాట ఆ పని చేసేది 1978లో ఏర్పడ్డ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్. ఆంధ్రలో ఓంకాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. ఏ ఏజెంటుకైనా అసలు సర్టిఫికెట్లు అప్పగించడం అంటే సొంత జీవితాన్ని తాకట్టు పెట్టడమే. నకళ్లు చాలు.

చివరి దశలో మదురై పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పోలీసు క్లియరెన్స్, సర్టిఫికెట్లకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి. యూఏఈ, కువైట్ వంటి దేశాలకు ఆయా రాయబార కార్యాలయాల ముద్ర కూడా పడాలి. గల్ఫ్‌కు వెళ్లేవారికి గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్య పరీక్ష ఉంటుంది. విమానం ఎక్కేముందు ఒప్పందంలో జీతం, పని గంటలు, సెలవు, వసతి, తిరుగు టికెట్టు రాసి ఉన్నాయో లేదో చూసుకుని, దాని నకలు ఒకటి ఇంట్లో ఉంచి వెళ్లాలి.